మొకం మీద నీడ పడని ఫ్యాను

అమీర్‌పేట, ఆదివారం

బాపూ, మేం మంచిగనే ఉన్నం. ఫోన్ చేస్తే నీకు వినబడదు, అందుకే కార్డు రాస్తున్న.

పోయినసారి వచ్చినప్పుడు మేం ఏమన్నా తలూపుకుంట కూసొని, రెండు రోజులకే బస్సెక్కినవ్. మా ఇంట్ల చీకటికి పెదవులు కనబడ్తలేవని అమ్మతోని అన్నవట. నాతోని చెప్తే ఏం పోతుండె?

ఇగ హాలుకు లైటున్న ఫ్యాను కొన్నం. పంజాగుట్ట దుకాణంల మొదలు చూపిచ్చినదానికి లైటు రెక్కల మీద ఉన్నది. తిరుగుతుంటే కిందోళ్ల మొకాల మీద నీడలు ఉరుకుతున్నయి. రెండోదానికి లైటు రెక్కల కింద ఉన్నది. దుకాణపాయనను దాని కింద నిలబెట్టి, "గొంతు తీయకుండ, ఉత్త పెదవులతోని ఏమన్న మాట్లాడన్నా" అన్న. పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. మనూర్ల సాంచల మీద బట్ట నేసేటప్పుడు ఆ మరమగ్గాల చప్పుడుల ఒకళ్ల పెదవులొకళ్లం చూసుకుంటనే మాట్లాడుకునేటోళ్లం గద, ఆయన "చాయ్ తాగుతరా అమ్మా" అన్నది టక్కున తెలిసింది. గదే తీసుకున్న.

నిన్న బోరబండ నుంచి మిస్త్రీ వచ్చి బిగించిండు. ఊగుతలేదు. చప్పుడు సుత చేస్తలేదు, దాంతోని నీకు పనిలేదనుకో.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వచ్చేటప్పుడు చింతకాయ తొక్కు తే. సీసల పెట్టకు, బస్సుల పగుల్తది. అన్న పిల్లలకు మా దీవెనలు.

ఫ్యాను అయిదు మీద పెట్టినంక నీ అల్లుడు దాని కింద నిలబడి, నోరు మాత్రం కదిపి, "మామా, ఎప్పుడొస్తవ్?" అన్నడు. నాకు సాఫ్‌గ తెలిసింది. జవాబు నువ్వే రాయాలె.

నీ బిడ్డ,
సువర్ణ