ఎవరికి నొప్పి

మార్చి 23, ఆదివారం ఉదయం

మావయ్యకు మీ మేనకోడలు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకి దగ్గు తగ్గింది. మీరు క్షేమమేనని నిన్న ఫోన్ పెట్టేసిన ఊపులోనే అర్థమైంది. నాలుగు వీధుల అవతల ఉన్న మనిషికి ఉత్తరమేంటని అనుకోకండి. మన ఆన్‌లైన్ ఫోరంలో రాస్తే లోకమంతా చదువుతుంది. ఫోన్ చేస్తే మీరు మాట పూర్తి కానివ్వరు. కాగితాన్నయితే మధ్యలో ఆపలేరు. దీన్ని మీ గేటు పక్కన డబ్బాలో వేసి, బెల్ కొట్టకుండా వెళ్లిపోతాను.

నాకు కోపంగా ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా రాయవచ్చు. జరిగినవి జరిగిన వరసలో పెడుతున్నాను. తప్పుంటే దిద్దండి, దిద్దడం మీకు అలవాటే.

ఈ నెల ఒకటో తేదీన మన అల్జీబ్రా సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో కొత్త సదుపాయం కోసం ప్రణాళిక పేజీ తెరిచాను. పేరు ‘షరతుతో జవాబు’. తొమ్మిది నెలలు దాని మీద కూర్చున్నాను, ఆఫీసు అయ్యాక, జిరాక్సు షాపు పైనున్న మన గదిలో, మీ కుర్చీకి ఎదురు కుర్చీలో. విషయం మీకు తెలుసు. అయినా మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ఆ పేజీ మీరు చివరిదాకా చదవలేదని నా అనుమానం. మైనస్ మూడుని వర్గం చేస్తే తొమ్మిది. తొమ్మిదికి వర్గమూలం మూడు. అంటే x వర్గానికి వర్గమూలం ప్రతిసారీ x కాదు. x మైనస్‌లో ఉంటే గుర్తు మారాలి. మన లైబ్రరీ మాత్రం పదకొండేళ్లుగా ఎవరినీ ఏమీ అడగకుండా x అని రాసి చేతులు దులుపుకుంటోంది. నేను కోరింది జవాబు పక్కన ఒక్క ముక్క: x సున్నా గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితేనే, అని.

మూడో తేదీన మీరు గదికి వచ్చి బోర్డు ముందు నిలబడ్డారు. ఒక్క ప్రశ్నకి ఒక్క జవాబివ్వడానికే ఇది మొదలెట్టానమ్మాయ్, పిల్లలు ఇంటి దగ్గర లెక్క సరిచూసుకోవడానికి, ఇప్పుడు జవాబుకి తోక తగిలిస్తే ఆ తోక పట్టుకుని నన్నే ఈడుస్తారు, అన్నారు. నా క్లాసులో ముప్పై ఏళ్లు x పాజిటివ్‌గానే ఉంది, ఎవరికీ జ్వరం రాలేదు, అని కూడా అన్నారు. నేను నవ్వాను. ఆ నవ్వు వెనక్కి తీసుకుంటున్నాను.

మన పద్ధతి మీరు పెట్టిందే. ప్రణాళిక పేజీ ముప్పై రోజులు తెరిచి ఉండాలి. మొదటి గడిలో ‘ఎవరికి నొప్పి?’ అన్న ప్రశ్నకి జవాబు రాయాలి. ఊహించిన నొప్పి పనికిరాదు. ఆ సదుపాయం లేక నిజంగా దెబ్బతిన్న ఒక్క మనిషిని చూపించాలి. చూపించలేకపోతే ముప్పయ్యో రోజున పేజీ మూసెయ్యాలి. లెక్కలవాళ్లు ముచ్చటపడి అక్కర్లేనివన్నీ కట్టుకుంటూ పోకుండా ఈ నియమం పెట్టానని చెప్పేవారు. మంచి నియమమే. పద్దెనిమిది రోజులు ఆ గడి ఖాళీగా ఉంది. పందొమ్మిదో తేదీ ఉదయం మీరు అందులో ‘ఎవరికీ లేదు’ అని రాసి పేజీ మూసేశారు. ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి.

తొందరెందుకో అత్తయ్య వల్ల తెలిసింది. ఆవిడ మీద ఎగరకండి, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. ఏం చెప్పమంటావే, మనిషి వారం నుంచి ప్రూఫుల్లోంచి తల ఎత్తలేదు, కంచం పక్కన కూడా ఎర్ర పెన్నే, నాతో మాట్లాడాలన్నా మార్జిన్‌లో రాసిమ్మంటాడేమో, అంది. మీ అభ్యాస పుస్తకం. రెండు వందల పన్నెండు లెక్కలు, వెనక జవాబులన్నీ మన లైబ్రరీ ఇచ్చినవే. షరతు వస్తే వాటిలో ఎన్ని మారతాయో మీరు చూసుకునే ఉంటారు. నేనూ చూశాను. నలభై ఒకటి. ఆ నలభై ఒకటీ మళ్లీ రాయాల్సి వస్తుందని, నొప్పి ఎవరికీ లేదని రాశారు. నొప్పి మీకుంది మావయ్యా. ఆ గడిలో మీ పేరే రాసుకుని ఉంటే కనీసం నిజం రాసినట్టయ్యేది.

ఇరవై ఒకటిన లెన్సులు అరగదీసే ఒకాయన నుంచి నాకు మెసేజ్ వచ్చింది. వాళ్ల వర్క్‌షాపులో ఆయన్ని లెక్కలాయన అంటారు, ఎందుకంటే గాజుని చక్రం మీదికి ఎక్కించేముందు కొలతలు కాగితం మీద పెట్టేది ఆయనే. మన లైబ్రరీ ఇచ్చిన ఫార్ములాతో చేసిన సరుకంతా తిరిగొచ్చిందని రాశాడు. నిన్న పొద్దున నేనే వెళ్లాను.

రేకుల షెడ్డు. వరసగా ఆరు చక్రాలు, వాటి మీద సన్నగా కారే నీళ్లు, నేలంతా బూడిదరంగు గాజు బురద. గోడవార బల్ల మీద ట్రేలో అరవై రెండు లెన్సులు, ఒక్కోటీ పల్చటి కాగితంలో చుట్టి ఉన్నాయి. సర్వే పరికరాలకు వెయ్యాల్సినవి. చూపుకి ఏ లోపమూ లేదు. ఆయన నా చేతికి మందం కొలిచే గేజీ ఇచ్చి, నా మాట వద్దు, మీరే చూడండమ్మా, అన్నాడు. పది తీసి కొలిచాను. పదీ మధ్యలో ముప్పావు మిల్లీమీటరు పల్చన.

వాళ్ల పనిలో లోపలికి వంగిన వైపు వ్యాసార్థాన్ని మైనస్‌లో రాస్తారు. మధ్య మందం ఫార్ములాని ఆయన మన లైబ్రరీకిచ్చి సూక్ష్మీకరించమన్నాడు. మనం r వర్గానికి వర్గమూలం చోట ఉత్త r రాసిచ్చాం. కలపాల్సింది తీసివేత అయింది. మొదటి లెన్సు కొలిచాకే మిగతావి చక్రం ఎక్కించడం అక్కడి అలవాటు. ఆర్డరు అప్పటికే వారం ఆలస్యం కావడంతో సూపర్‌వైజర్ ఈసారి కొలవనివ్వలేదు. పన్నెండున మొదలెట్టి పదిహేనుకి అరవై రెండూ పూర్తిచేశారు. పరికరాలవాళ్లు ఇరవయ్యో తేదీన తిప్పి పంపారు.

వర్క్‌షాపు యజమానురాలు నన్ను కూర్చోమనలేదు. అసలేంటమ్మా ఇది, కాలిక్యులేటరా, అని అడిగింది. అంకెలతో కాదండీ, అక్షరాలతో లెక్క చేస్తుంది, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఎలా రాశామో తెరిచి చూసుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్దవచ్చు, అన్నాను. అందరూ చూడొచ్చంటే ఎవరూ చూడలేదన్నమాట, అంది. ఆవిడకి అల్జీబ్రా రాదట. లెక్కలాయన వైపు తిరిగి, పద్నాలుగేళ్లుగా ఉన్నావ్, ఊరూ పేరూ తెలియనివాళ్లు చెప్పిందాన్ని నమ్మి నా గాజంతా బురద చేశావ్, ఇప్పుడు నిన్నేం చెయ్యమంటావ్, అంది. ఆయన, నాదే పొరపాటమ్మా, అన్నాడు. ఆయనది కాదు. ఆయన్ని ఉంచాలా పంపెయ్యాలా అన్నది గురువారం తేలుస్తానంది. తప్పు లైబ్రరీదేనని దాని తాలూకు మనుషులు రాసి సంతకం చేసి ఇస్తే ఉంచుతానని నా ముందే చెప్పింది.

లైబ్రరీ పేరుతో ఏ కాగితం వెళ్లినా మనిద్దరి సంతకాలూ ఉండాలి. అదీ మీ నియమమే. అందుకే ఇంటికి రాగానే మీకు ఫోన్ చేశాను. మీరన్నది పొల్లుపోకుండా గుర్తుంది. లైసెన్సు చదువుకోమను, ఏ హామీ లేదని మొదటి పేజీలోనే రాశాం కదా, అన్నారు. ఒక్కటి కొలుచుకోకుండా అరవై రెండు అరగదీసినవాడిదా తప్పు, ఇంట్లో కూర్చున్న మనదా, అన్నారు. ఆయన ఉద్యోగం మావయ్యా, అన్నాను. ఇవాళ ఒకడికి సంతకం పెడితే రేపు గేటు బయట వరస కడతారు, అని పెట్టేశారు.

హామీ లేదన్న మాట కోర్టుకి చెప్పండి. మీ దగ్గర చదువుకునేటప్పుడు నేను ఒక మైనస్ వదిలేస్తే పేజీ మొత్తం కొట్టేసి మళ్లీ రాయించేవారు. చెయ్యి నొప్పెడుతోందంటే, ఇంకా మంచిది, గుర్తుంటుంది, అనేవారు. అప్పుడు నాకు పదమూడేళ్లు. మీకిప్పుడు అరవై ఆరు. ఆ పద్ధతి మీకు వర్తించకుండా ఏ వయసు నుంచి మినహాయింపు ఇచ్చుకున్నారో చెప్పండి, నేనూ రాసిపెట్టుకుంటాను.

నేనడిగేవి రెండు. పేజీ తిరిగి తెరవండి. ఈ ఉత్తరంతో ఉన్న కాగితం మీద సంతకం చేసి బుధవారం సాయంత్రంలోగా గదిలో బల్ల మీద పెట్టండి. పెట్టకపోతే గది తాళం చెవి అత్తయ్యకిచ్చి నేను తప్పుకుంటాను. ఇది బెదిరింపు కాదు, సమాచారం.

కోపంతోనే అయినా ఎప్పటికీ
మీ మేనకోడలు

తా.క. సాయంత్రం ఐదింటికి రాస్తున్నాను. పైనున్నది పొద్దునే మీ గేటు దాకా తెచ్చి, డబ్బాలో వెయ్యకుండా వెనక్కి వెళ్లాను. అందులో ఒక తేదీ వదిలేశాను.

ఇరవై ఒకటిన వచ్చింది లెక్కలాయన రెండో మెసేజ్. మొదటిది ఐదో తేదీన వచ్చింది. అందులో ఉన్నది ప్రశ్న. r మైనస్‌లో ఉన్నా ఈ ఫార్ములా ఇదేనా, ఒక్క మాట చెప్పండమ్మా, మీరు చెప్పాకే మొదటి లెన్సు చేసి కొలుస్తాను, అని. పదకొండున్నరకి చూశాను. కాదని రెండు నిమిషాల్లో తెలిసింది. కాదు, గుర్తు మార్చుకోండి, అని టైపు చేసి చెరిపేశాను. ప్రశ్న నొప్పి కిందికి రాదు, గడిలో రాయడానికి పనికిరాదు. ఎలాగూ కొలుస్తాడు కదా, ఒక్క లెన్సు పోతుంది, నాకు చూపించడానికి ఒక మనిషి దొరుకుతాడు, అనుకున్నాను. పదహారు రోజులు ఎదురుచూశాను.

ఆర్డరు వారం ఆలస్యమైంది నా జవాబు కోసం ఆయన పని ఆపడం వల్ల. కొలవనివ్వకపోయింది ఆ ఆలస్యం వల్ల. నిన్న యజమానురాలి ముందు ఆయన ఈ మాట ఎత్తలేదు. నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చి, నా మొదటి మెసేజ్ మీకు అందినట్టు లేదమ్మా, అన్నాడు. అందలేదన్నాను.

మీ సంతకం కోసం రాసిన కాగితం చింపేశాను. నా ఒక్కదాని పేరుతో ఇంకోటి రాశాను, ఐదో తేదీ, పదకొండున్నరతో సహా. మధ్యాహ్నం యజమానురాలి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. చదివి, అతన్ని రేపు పనిలోకి రమ్మని నువ్వే చెప్పు, నువ్వు మాత్రం మళ్లీ నా గడప తొక్కకు, అంది.

మీ మీద రాసినదాంట్లో ఒక్క వాక్యం కూడా తీసెయ్యలేదు. ఆ కోపం అలాగే ఉంది. నేను లైబ్రరీలో ఉండాలా వద్దా అన్నది మాత్రం ఇక మీరు తేల్చండి.

నకలు పట్టుకుని లెక్కలాయన ఇంటికి వెళ్లాను. రేపు రమ్మన్నారని చెప్పి కాగితం ఇచ్చాను. గుమ్మంలోనే నిలబడి చదివాడు. ఆయన భార్య వెనక నుంచి వచ్చి, లైబ్రరీ అమ్మాయి మీరేనా, అంది. ఆ వారం రోజులూ ఈయన ఫోన్ చేతిలోంచి దించలేదమ్మా, వాళ్లు తప్పకుండా చెప్తారు, ఆగండి, అని సూపర్‌వైజర్‌తో రోజూ గొడవే, అంది. ఆయన కాగితం మడవకుండా ఆవిడ చేతికిచ్చి లోపలికి వెళ్లాడు. ఆవిడ చదవడం మొదలుపెట్టింది. చదవడం పూర్తయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.