తొంగున్న నేల

అరకు,
10-3-1982

చిరంజీవి వరహాలరావుకు, చిట్టెమ్మకు మామ్మ దీవెనలు.

ముందు ఒక తప్పు దిద్దాలి. పంతులమ్మ బుద్ధి, రిటైరైనా పోదు. నువ్వు చూసి వెళ్ళిన నేలని "బీడు" అని రాశావు. "ఎవరూ సాగు చెయ్యడం లేదు మామ్మా, ఊరికే పడివుంది" అని కూడా రాశావు. అది బీడు కాదు. ఎందుకు కాదో కిందికి వెళ్ళాక చెబుతాను. ఇక్కడ నేను క్షేమం, నా మోకాళ్ళు కావు. అక్కడ విశాఖలో మీ దంపతులిద్దరూ చల్లగా ఉన్నారని తలుస్తాను, ఆ ఊళ్ళో చల్లగా ఉండడం సాధ్యమైతే.

నువ్వు అడిగినవాటికి జవాబులు. శాలువా అందింది. రంగు నేను కప్పుకునేది కాదు గానీ వెచ్చగా ఉంది, కాబట్టి కప్పుకుంటున్నాను. ధనరాజు అనే బ్రోకరు నాకు తెలుసా అన్నావు. అతన్ని ఎరగను, అలాంటివాళ్ళని ఎరుగుదును. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ళు భూమి కొనకూడదు కదా అని నువ్వు అడిగితే, ఎవరో గిరిజనుడి పేరు మీద రాయించుకుని నువ్వు అనుభవించవచ్చన్నాడట. అనుభవిస్తావు, నిజమే. కాగితం ఎవరి పేరున ఉంటే భూమి వాళ్ళది. రేపు అతను పొమ్మంటే, ఏ కోర్టు మెట్లెక్కినా ముందు నీ తప్పు నువ్వే చదివి వినిపించాలి. తేలు కుట్టిన దొంగ పైకి అరవలేడు నాయనా.

మీ నాన్న పోయాక వచ్చిన ప్రావిడెంటు ఫండు వచ్చే సోమవారం అతని చేతిలో పెడతానన్నావు. అది నా కొడుకు ఇరవై రెండేళ్ళ చెమట. అందుకే ఈ ఉత్తరాన్ని ఎక్స్‌ప్రెస్ డెలివరీలో పంపుతున్నాను.

అయినా నీ మీద నాకు కోపం లేదు. డబ్బు ఇవ్వకముందే నాకు రాశావు. దానికి నేను చాలా సంతోషించాను. నేనైతే ఇచ్చాక కూడా ఎవరికీ రాయలేదు.

అవును, సరిగానే చదివావు. పెద్ద రాతిబండ, దాని పక్కన రెండు జీలుగు చెట్లు, కింద పారే గెడ్డ అని నువ్వు రాసిన ఆ వాలునే, ఆరేళ్ళ క్రితం నేను కొన్నాను. మీ నాన్నకి కూడా తెలియదు.

అప్పుడూ ఇలాగే ఫాల్గుణంలో ఒక పెద్దమనిషి తీసుకెళ్ళి చూపించాడు. పొదలు తప్ప ఏమీ లేవు. యజమాని అని ఒకణ్ణి నిలబెట్టాడు, వాడు తల ఊపాడు, వేలిముద్ర వేశాడు. ఆశ్రమ పాఠశాలలో పిల్లల చేత వేలిముద్రలు మాన్పించే పంతులమ్మని, ఆ వేలిముద్ర చూసి మురిసిపోయాను. చట్టం తెలియక కాదు. బడి గోడకి ఆ చట్టం నోటీసు అంటించింది నేనే. రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోవాలన్న ఆశ కళ్ళకి అడ్డం పడింది. వెదురు దడి కూడా కట్టించాను.

తొలకరికి సోములమ్మ వచ్చింది. ఇప్పుడు నా పక్కింట్లో ఉండే సోములమ్మే. అప్పటికి ఆమె కూతురు నా బళ్ళో చదువుతోంది. నెత్తిన చోడి విత్తనాల బుట్ట, చేతిలో గొడ్డలి.

"టీచరమ్మా, ఈ దడి ఎవులు కట్టీసినారు?"

"నేనే. కొనుక్కున్నాను."

"ఎవుల కాడ?"

కాగితం చూపించాను. ఆమె అక్షరాల జోలికి పోలేదు. వేలిముద్రని కాసేపు చూసి, "ఈ బొటనేలు మా ఊరిది కాదమ్మా" అంది. తర్వాత బండ మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "మూడేళ్ళు పండిత్తాం, మూడేళ్ళు తొంగోబెడతాం. తొంగున్న మనిసిని సచ్చిపోనాదని అమ్మేత్తారేటి?"

కాగితం నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో పడేశాను.

ఆమె తాసీల్దారు ఆఫీసుకి వెళ్ళి ఒక్క మాట చెబితే నా ఉద్యోగం, పింఛనూ గాలికిపోయేవి. వెళ్ళలేదు. "బేగి ఇప్పీండి, నానెవులికీ సెప్పను. వెదుళ్ళు మాత్రం ఒగ్గీండి, కోళ్ళగూటికి పనికొత్తాయి" అంది. ఇద్దరం కలిసి దడి విప్పాం. మధ్యాహ్నం ఆమె చోడి అంబలి పోస్తే తాగాను. ఆ పెద్దమనిషి మళ్ళీ కనబడలేదు, నా డబ్బూ కనబడలేదు. కానీ పరువు మిగిలింది, పింఛను మిగిలింది, పక్కింటి మనిషి దొరికింది. ఈ రోజు నేను తింటున్న ప్రతి ముద్దలో ఆమె దయ ఉంది.

నిన్న నీ ఉత్తరం ఆమెకి చదివి వినిపించాను. "మల్లీ అమ్మీసినారేటి? ఈపాలి ఎంతకి?" అని నవ్వింది. నవ్వు ఆగాక, "మీ గుంటణ్ణి రమ్మనండమ్మా. కేకలెయ్యను, ఎవుల్దో సూపిత్తాను" అంది. ఈ తొలకరికి మళ్ళీ విత్తుతుందట.

నాకు దగ్గరగా ఉండాలని కొంటున్నానని రాశావు. ఆ మాట రెండుసార్లు చదువుకున్నాను. దగ్గరగా ఉండడానికి భూమి ఎందుకురా, బస్సు చాలు. జాగా కావాలంటే ఏజెన్సీ దాటాక కింద ఎస్.కోటలో చూసుకో. రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై ఏళ్ళ ఈసీ తీయించు, ఎవరు ఎవరికి అమ్మారో అందులో ఉంటుంది. తర్వాత ఆ కాగితం జేబులో పెట్టుకుని నాలుగు హద్దుల వాళ్ళ ఇళ్ళకీ వెళ్ళి మంచినీళ్ళు అడుగు. నీళ్ళిచ్చేవాళ్ళు ఆ జాగా ఎవరిదో కూడా చెబుతారు. చూసిన రోజున మాత్రం బయానా ఇవ్వకు.

సోమవారం ధనరాజుని కలవకు. ఆదివారం పొద్దున్న బస్సుకే ఇక్కడికి రా. వచ్చేటప్పుడు పూర్ణా మార్కెట్లో రెండు కిలోల ఎండు నెత్తళ్ళ చేపలు కొను, ఇసుక లేనివి చూసి. రెండు గుడ్డసంచుల్లో మూటకట్టు, లేకపోతే ఆ వాసనకి ఘాట్ రోడ్డు ఎక్కేదాకా బస్సులోవాళ్ళు నిన్ను తిడతారు. అవి నాకు కాదు. సోములమ్మకి, నీ చేత్తో నువ్వే ఇవ్వాలి, ఆ నేల మీద నిలబడి.

ఇట్లు,
నీ మామ్మ
గంగాభవాని