అమ్మ అతికిన పోగులు

సుజాతా,

నువ్వు కన్నుమూసే ముందు మగ్గానికి అతికిన పడుగులో చివరి చీర పోయిన వారం దించాను. అది అయ్యాక నీ దగ్గరికే వచ్చేద్దామనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. కొత్త పడుగు వద్దని మాత్రం అమ్మతో అన్నాను.

చీర షావుకారుకు ఇచ్చి నారాయణపేట నుంచి వచ్చేసరికి అమ్మ మగ్గం దగ్గర కూర్చుని ఉంది. వేళ్లకు బూడిద అద్దుకుని, మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెడుతోంది. నువ్వు చేసే పని అది.

"కండ్లు కానరావు గదనే అమ్మా, ఎందుకే నీకిది?" అన్నాను.

"గీ ఒక్క పడుగు నెయ్యి కొడుకా. అటెన్క నిన్నేం అడగ," అంది తలెత్తకుండా.

నువ్వు అతికితే అతుకు ఎక్కడుందో నాకే దొరికేది కాదు. అమ్మ అతికినవి లాగితే ఊడుతున్నాయి. ఎర్ర అంచులో నల్ల పోగులు కలిసిపోయాయి. షావుకారు ఈ చీర తీసుకోడు.

బతకాలని నాకింకా లేదు సుజాతా. కానీ మగ్గం చప్పుడు ఆగితే చాలు, అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడుతోంది. అందుకే తెగిన పోగు గబగబా అతికి, మళ్లీ నేస్తున్నాను.