బుధవారం రాని కుళాయి

అమ్మకు,

నీ పెద్దది నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, నీ అల్లుడు, పిల్ల బాగానే ఉన్నాం. నువ్వు బాగుండాలనే నా ఆరాటమంతా. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నీ చెవికి సగమే వినిపిస్తుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. ఈసారి అలా కల్పించుకోవడానికి వీల్లేదు. అందుకే రాసి, ట్యాంకర్ డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. పిల్లకి ఊడిన పన్ను మళ్లీ వస్తోంది. నీ అల్లుడు దగ్గు మందు తాగుతున్నాడు, సణుక్కుంటూనే. నేను వేళకు తింటున్నానా అంటే, లేదు. జలాశయంలో నీటి మట్టం చూపించే బోర్డు ఆఫీసులో నా ఎదురుగానే ఉంది. పొద్దున్నే దాన్ని చూశాక ముద్ద దిగదు. మూడేళ్లుగా సరైన వాన లేదు. ఉన్న కాసిని నీళ్లు ఏ ఊరికి ఏ రోజు వదలాలో చెప్పేది నేనే. ఎవరికి ఆపినా నన్నూ నన్ను కన్నవాళ్లనూ కలిపి తిడతారు. నీకు పొలమారుతోందా లేదా?

ఇక నువ్వు చివర్లో రాసిన మాట. "మా అమ్మాయి ఉండగా మీకేం భయం, బుధవారం కుళాయి వచ్చి తీరుతుంది, దాచుకున్నవి వాడేసుకోండని వీధంతా చెప్పాను. పక్కింటి బాలింతరాలు పాపం, నా మాట మీదే డ్రమ్ము ఖాళీ చేసింది" అని రాశావు.

అమ్మా, రేపు బుధవారం నీళ్లు రావు.

పోయిన వారం మీటింగులో అకౌంట్స్ ఆయన, "మేడమ్ గారి పుట్టింటికి మాత్రం ఏ రోజూ ఆగదు కదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. వంతు ప్రకారం ఆపాల్సింది దిగువ ఊరికి. నేను పట్టుబట్టి మన ఊరి వాల్వు మూయించాను. నాలుగు రోజులేగా అనుకున్నాను.

మనది గుట్ట మీది ఊరు. పైపు నిండుగా ఉన్నంతకాలం పంపు ఎలాగో నీళ్లను పైకి నెడుతుంది. ఒక్కసారి ఖాళీ అయితే మళ్లీ నింపడానికి జలాశయంలో ఇప్పుడున్న నీళ్లు చాలవు. రెండు వైపులా మూశాం కాబట్టి పైపులో నీళ్లు నిలిచే ఉంటాయనుకున్నాను. పాత అతుకుల్లోంచి మొత్తం కారిపోయాయి. నిన్న వాల్వు తెరిపించి పంపు వేయిస్తే గాలి లాగి ఆగిపోయింది. మళ్లీ వేయించాను, మళ్లీ అంతే. వానలు పడి జలాశయంలో నీళ్లు పెరిగితే తప్ప మన ఊరికి కుళాయి రాదు. నా రోషం కోసం ఊరందరి గొంతూ ఎండేలా చేశాను.

భయంగా ఉందమ్మా. రేపు పొద్దున కుళాయి తిప్పి చూసిన ప్రతివాళ్లూ నీ గుమ్మం ముందుకే వస్తారు. హామీ ఇచ్చింది నువ్వే కదా. ఆ బాలింతరాలి డ్రమ్ములో చుక్క లేదు. అన్ని ఊళ్లవాళ్లూ ట్యాంకర్ల కోసం కొట్టుకుంటున్నారు. నేను కాళ్లావేళ్లా పడితే దొరికింది ఈ ఒక్కటే.

డ్రైవర్ని మన ఇంటి ముందు ఆపనివ్వకు. వీధి మొదట్లో ఆపమను. మొదటి బిందె బాలింతరాలికి పట్టించు. తర్వాత ఈ ఉత్తరం అతనికే ఇచ్చెయ్యి, అందరికీ వినపడేలా చదవమని చెప్పాను. నువ్వు మాత్రం పైకి చదవొద్దు. నన్ను వెనకేసుకొస్తూ మధ్యలో లేనిపోనివి కలుపుతావు.

నేను వెనకే జీపులో వస్తున్నాను. వచ్చి వీధిలో నిలబడతాను. తిడతారు. చెయ్యి చేసుకున్నా చేసుకుంటారు. ఉత్తరం అతనికి ఇచ్చేశాక నువ్వు తలుపు గడియ పెట్టుకుని లోపలే ఉండు. నీ సంగతి నాకు తెలియనిది కాదు, అయినా కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. నాకు అడ్డం రాకమ్మా.

ఇట్లు,
నీ పెద్దది