కొంగు ఏ భుజం మీద

విక్రమ్ సార్‌కు,

డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు సొంతంగా చందా కడతానంటే మీరే వద్దన్నారు. "గంత ఖర్చు ఎందుకమ్మా? నా అకౌంటే వాడుకో, ఫికర్ చెయ్యకు" అన్నారు. అమీర్‌పేటలో నాకు పని నేర్పిన మనిషని నమ్మాను. నా ఫైళ్లన్నీ మీకు కనిపిస్తాయని తెలిసినా పట్టించుకోలేదు.

నిన్న పంజగుట్టలో నవీన మేడమ్ చీరల దుకాణానికి లోగో తీసుకెళ్లాను. చీర కట్టిన అమ్మాయి బొమ్మ అది. ఆమె ఫోన్ తీసి అదే బొమ్మ నాకు చూపించారు. మీరు మొన్ననే పంపారట. అందులో కొంగు కుడి భుజం మీద ఉంది. అది నా మొదటి చిత్తు, సార్. తర్వాత నేనే ఎడమ భుజం మీదికి మార్చాను. దొంగిలించేటప్పుడైనా మీరు సరిగ్గా చూడలేదు.

"మీ సార్ బొమ్మ ఎత్తుకొచ్చి, తప్పు దిద్ది నాకే అమ్ముతున్నవా?" అన్నారామె. సేల్స్ అమ్మాయిలు నవ్వారు.

ఇవాళ సొంత చందా కట్టాను. రేపు దుకాణం తెరవగానే వచ్చి, కొంగు కుడి భుజం మీదున్న నా చిత్తు మీ చేతికి ఎలా వచ్చిందో ఆ అమ్మాయిల ముందే చెప్పండి. మీరు వచ్చేదాకా నేను ఆ దుకాణం మెట్ల మీదే కూర్చుంటాను.

ఒకప్పటి మీ విద్యార్థిని