ఒట్టోకర్‌కు నిమిషం మౌనం

ఆల్టెన్‌రోడె,
1996 అక్టోబరు 3

హెడ్విగ్ అత్తయ్యకు నమస్కారాలు.

మీకో శుభవార్త! మన ఊరి గాయక, వాద్య బృందానికి ఈ క్రిస్మస్‌తో యాభై ఏళ్లు. దాని చరిత్ర రాసే పని నాకే అప్పగించారు! యుద్ధం అయిన మరుసటి ఏడు, పైకప్పు కూలిన చర్చిలో మీరంతా ఆ పాతకాలపు బరోక్ కీర్తనలు ఎలా పాడారు? అంత బలం ఎక్కడిది?

మీ మేనకోడలు
రోస్విత

తా.క. గొప్పగా రాయండి. మా పెద్దలకు గొప్పే కావాలి.

రోస్టాక్,
అక్టోబరు 9

రోస్వితకు ఆశీస్సులు.

బలమా, పాడా! ఆకలికి కళ్లు తిరిగేవి. నగారాల చర్మం చిరిగిపోతే వాటి అడుగు రాగి గిన్నెల్లోనే సూప్ కాచుకున్నాం. సాధనకు అందరం ఠంచనుగా వచ్చింది దాని కోసమే! నా వెనక పాడే ఒట్టోకర్ తన వాటా నాకే పెట్టేవాడు. "తినవే, నీ కడుపు నాకంటే గట్టిగా పాడుతోంది" అనేవాడు. ఆ మరుసటి వసంతంలోనే పోయాడు. బాగా ఏడ్చాను.

నీ అత్తయ్య
హెడ్విగ్

తా.క. ఏడ్చిన మాట రాయకు.

ఆల్టెన్‌రోడె,
డిసెంబరు 10

అత్తయ్యకు,

బృందమంతా కళ్లు తుడుచుకుంది! తన తిండి మీకు పెట్టి పస్తులతో ప్రాణం వదిలిన ఒట్టోకర్! కచేరీలో ఆయన కోసం నిమిషం మౌనం పాటిస్తున్నాం. పేపర్లో బొమ్మతో సహా వేయించాను!

మీ రోస్విత

తా.క. ఫొటో దొరక్క బొమ్మ గీయించాం. పుణ్యాత్ముడిలా ఉంటాడని గడ్డం పెట్టించాం.

రోస్టాక్,
డిసెంబరు 14

ఓసి పిచ్చిపిల్లా!

పోయాడంటే చచ్చిపోయాడనా? ఊరు వదిలి పడమటి జర్మనీ వైపు పోయాడే! చెప్పకుండా పోయాడని ఏడ్చాను. ఆ మౌనం వెంటనే ఆపు!

హెడ్విగ్

తా.క. నేను పెళ్లి చేసుకోకపోవడానికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. నువ్వు అడగకపోయినా చెబుతున్నాను.

ఆల్టెన్‌రోడె,
డిసెంబరు 23

అత్తయ్యా, అత్తయ్యా!

మీ ఉత్తరం పండగ టపాలో చిక్కుకుని కచేరీ అయ్యాక చేరింది. మొదటి కీర్తనకు కిటికీలు అదిరాయి! తర్వాత అందరం లేచి తలలు వంచాం. వెనక బెంచీలోంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది: "మన్నించాలి, నేను బతికే ఉన్నానండీ! ఆ గడ్డం కూడా నాది కాదు!"

పేపర్లో తన చావు చూసి, ఎలా పోయాడో తెలుసుకుందామని వచ్చాడట! చర్చి అంతా నవ్వులు, చప్పట్లు. ఆయన్ని గాయకుల వరసలోకి లాక్కెళ్లాం. గొంతు బొంగురే, అయినా ఆఖరి కీర్తన ఒక్క మాట తప్పకుండా పాడాడు.

"అప్పుడు చెప్పకుండా ఎందుకు పోయారు?" అని నిలదీశాను.

"హెడ్విగ్‌ను పెళ్లి మాట అడుగుదామని వాళ్లింటి గుమ్మం దాకా వెళ్లానమ్మా. ధైర్యం చాల్లేదు. సిగ్గుతో ఊరే వదిలేశాను" అన్నాడు.

మీ రోస్విత

తా.క. ఆయన భార్య పదేళ్ల కిందట పోయింది. పోయిందంటే చనిపోయిందనే, అడిగి రూఢి చేసుకున్నాను. మీ చిరునామా ఇచ్చాను, రైలెక్కాడు. ఈ ఉత్తరం కంటే ముందే వచ్చి మీ గుమ్మంలో నిలబడతాడేమో. ఈసారి మీరే అడిగేయండి.