కొలత కర్రకు ఎక్కించని గాజులు

బళేపేట, బెంగళూరు
19 మే 2025

చిరంజీవి సుధీర్‌కు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయాలి కాబట్టి రాశాను. నిజానికి నీ మీద నాకు ఒళ్లు మండిపోతోంది. ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు. ఈ కాగితానికి ఆ మాట చెప్పలేవు కదా.

సెలవులకు వచ్చిన నీ కూతురు స్పందనకు మన గాజుల అంగడి పని నేనే నేర్పాను. గాజులు దారంతో కట్టే ముందు ప్రతి డజనునూ కొలత కర్రకు ఎక్కించి సైజు చూడాలని పదిసార్లు చెప్పాను. దేవనహళ్ళి వెంకటగిరియప్ప కోడలి సీమంతానికి ఆకుపచ్చ గాజులు కావాలంటే, బుధవారం స్పందనే కట్టింది. నీరు పట్టిన చేతులకు రెండు ఎనిమిది సైజు కావాలి. కర్రకు ఎక్కించడానికి విసుగుపడి చిన్నవి, రెండు నాలుగు సైజువి కట్టేసింది. పదకొండేళ్ల పిల్ల, పొరపాటు చేయక ఏం చేస్తుంది?

మర్నాడు పీటల మీద ఆ అమ్మాయి చేతికి గాజులు ఎక్కలేదు. బలవంతాన తోస్తే రెండు పగిలి గీసుకున్నాయి. సీమంతంలో గాజు పగిలితే చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు ఎలా మారతాయో నీకు తెలుసు. అందరి ముందూ ఏడ్చేసిందట.

వెంకటగిరియప్ప ఫోన్ చేస్తే, ఆ వేళకు పిల్లను చూడటానికి వచ్చిన నువ్వు తీశావు. మా జరీనా పొరపాటు, మన్నించండి అన్నావు. పద్దెనిమిదేళ్లుగా మన అంగడిలో పనిచేస్తున్న జరీనా అక్కడే కూర్చుని గాజులకు దారం కడుతోంది. ఆ దారం పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఈ రోజుకీ రాలేదు. ఇదేం పని అని అడిగితే, చిన్నపిల్ల మనసు నొచ్చుకుంటుందమ్మా అన్నావు. జరీనాకు మనసు లేదా? పైగా పిల్లను కారెక్కించుకుని బ్రూక్‌ఫీల్డ్‌లో మీ ఇంటికి వెళ్లిపోయావు.

నిన్న స్పందన నాకు ఫోన్ చేసింది. జరీనక్క వచ్చిందా అవ్వా, కట్టింది నేనని ఆమెకు తెలుసు గదా, మరి ఎందుకు చెప్పలేదు అని అడిగింది. అన్నం సయించడం లేదంట. తప్పు దాచి నువ్వు దాని బరువు తగ్గించలేదు. చెప్పుకునే దారి మూసేశావు.

ఆదివారం దాన్ని తీసుకురా. తిట్టను, కొట్టను. ముందు జరీనా ఇంటికెళ్లి తన నోటితో చెప్పాలి. తర్వాత కర్రకు ఎక్కించి చూసుకుని కొత్త గాజులు కట్టి, దేవనహళ్ళికి తనే తీసుకెళ్లి ఇవ్వాలి. నువ్వు పక్కన నిలబడు, దాని బదులు మాట్లాడకు.

ఇట్లు,
ఇంకా కోపం తగ్గని మీ అమ్మ
గౌరమ్మ

తా.క.: నీ పదో ఏట పెళ్లివారి గాజుల పెట్టె మెట్ల మీద జారవిడిచావు. అప్పట్లో మన అంగడిలో పనిచేసే పెద్దమునియప్ప ఎదురుగానే, మా పెద్దమునియప్ప పొరపాటు, మన్నించండి అని నేను వాళ్లతో అన్నాను. నా కొంగు పట్టుకుని నువ్వు వెనకే ఉన్నావు. ఆయన నీవైపు ఒకసారి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. జబ్బు చేసి ఊరెళ్లాడని నీకు చెప్పాను. ఆయనకు ఏ జబ్బూ లేదు. గురువారం నీ నోట వచ్చింది నా మాటే. ఇప్పుడాయన యశవంతపురంలో కూతురి దగ్గర ఉన్నాడని కనుక్కున్నాను. ఆదివారం స్పందన పని అయ్యాక మనమిద్దరం వెళ్దాం. ముందు నేను చెబుతాను.